వదులుకోవడానికి ఏదైనా ఉండాలి

...అయినా, వదులుకోవడానికైనా మనిషికి ముందు ఏదో ఒకటి ఉండాలి కదా. ఉత్త చెయ్యి విదిలిస్తే దాన్ని త్యాగమని ఎవరంటారు? ఈగను తోలుకుంటున్నాడనుకుంటారు.

పొద్దున ప్రార్థన అయిపోయాక షెడ్డులో బల్లలు గోడకు చేరవేస్తున్నప్పుడు ఈ మాట తోచింది. అప్పటినుంచీ పంటి సందున ఇరుక్కున్న పీచు దగ్గరికి నాలుక పోయినట్టు మనసు దాని దగ్గరికే పోతోంది. ఇప్పుడు భోజనానికి కూర్చున్నాను. ఎదురుగా తమ్ముడు. మా ఇద్దరి మధ్య అమ్మ, గరిట పట్టుకుని.

గరిట ముందు వాడి కంచం వైపు వెళ్ళింది. ఐదు రోజులుగా అటే వెళుతోంది.

"చాలమ్మా," అన్నాడు తమ్ముడు.

"ఏం చాలు. ఎముకలు లెక్కపెట్టొచ్చు," అంది అమ్మ.

పెద్దింట్లో ముప్పై ఏళ్ళు తిని పెరిగినవాడి ఎముకలు లెక్కపెట్టాలంటే చాలా ఓపిక కావాలి. నావైతే గుమ్మంలో నిలబడి లెక్కపెట్టొచ్చు. ఆ మాట అనలేదు. గ్లాసు ఎత్తాను.

"నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి. ఇంకా తాగుతున్నారు," అంది నా భార్య.

గ్లాసు దించాను.

ఐదు రోజుల కిందటిదాకా ఈ తమ్ముడు నాకు తమ్ముడు కాడు. గాజు ఫ్యాక్టరీ యజమానురాలు, మేమంతా పెద్దింటావిడ అని చెప్పుకునే ఆవిడ, వాణ్ణి ఆరేళ్ళప్పుడు తీసుకెళ్ళి పెంచింది. మంగళవారం విందులో ఊరి పెద్దమనుషుల ముందు వాణ్ణి కొడుకుగా ప్రకటించబోయింది. కొడుకుగా వాడు చెయ్యవలసిన మొదటి పని ఒక కాగితం చదవడం. ఆదివారాలు సీసాల ప్యాకింగు గడ్డి నిలవచేసే షెడ్డులో ప్రార్థనకు కూడే నలభైమందీ ఇకమీదట కూడబోమని సంతకం పెట్టాలి, లేదా పనీ, ఫ్యాక్టరీ ఇచ్చిన వరుస ఇల్లూ వదిలిపెట్టాలి అని. తమ్ముడు లేచి, రెండేళ్ళుగా ఆ షెడ్డు చివరి బల్ల మీద తానూ కూర్చుంటున్నాననీ, పోయిన నెల బాప్తిస్మం తీసుకున్నాననీ, వాళ్ళే తనవాళ్ళనీ చెప్పాడు. "మీ కొడుకు అనిపించుకోలేను," అన్నాడట. ఒక్క పెట్టెతో మా రెండు గదుల ఇంటికి వచ్చేశాడు.

వాడు వచ్చినప్పుడు ఒక పొరపాటు జరిగింది.

గుమ్మంలో వాడు కనిపించగానే నేను లేచి నిలబడ్డాను. కాళ్ళు వాటంతటవే లేచాయి. ఫ్యాక్టరీలో వాడు బల్లల వరుసలోకి వస్తే అందరం అలాగే లేచి "నమస్కారం చిన్నబాబుగారూ" అంటాం. చేతులు కట్టుకున్నాను కూడా. నా భార్య నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. తమ్ముడు ఏడ్చాడు. వాడు ఏడ్చినందుకు అమ్మ వాణ్ణి దగ్గరికి తీసుకుంది. నిలబడ్డ నన్ను మళ్ళీ కూర్చోమని ఎవరూ అనలేదు.

అప్పటినుంచీ వాడితో మాట్లాడటం ఒక చిక్కు. బల్ల దగ్గర 'మీరు'. ఇంట్లో 'నువ్వు' అనాలి. నోరు తిరగదు. పోనీ రెండూ మింగేద్దామంటే చివర క్రియ వచ్చి పట్టిస్తుంది. అందుకని గోడతో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాను. నీళ్ళు తోడి ఉన్నాయి. తువ్వాలు తీగ మీద ఉంది. వాడికి కావలసినవన్నీ నా మాటల్లో ఉంటాయి. వాడొక్కడే ఉండడు.

"పొద్దున ప్రార్థనలో సాక్ష్యం ఎంత బాగా చెప్పాడు చిన్నోడు," అంది అమ్మ. "ఒక్క కన్ను తడవకుండా లేదు."

"గ్లవుజులు కుట్టే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఒకటే ఏడుపు," అంది నా భార్య. ఆమె కూడా కొలిమి దగ్గరివాళ్ళకు గ్లవుజులే కుడుతుంది. "'నీ మరిది దేవదూతమ్మా' అంది. దేవదూతకి చొక్కా పిండటం రాదని నేను చెప్పలేదు."

తమ్ముడు నవ్వాడు. "నేర్చుకుంటున్నాను వదినా."

"నిన్న పిండినది ఇవాళ్టికీ కారుతోంది. కింద చెంబు పెట్టాను."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

ఫ్యాక్టరీలో రెండో బల్ల దగ్గర నా పని లోపాలు చూడటం. గాజు సీసాలు ఒక్కొక్కటే వెలుగు పలక ముందునుంచి పోతుంటాయి. బుడగ, రాయి, వెంట్రుక అని మాకు మూడు మాటలు. బుడగంటే లోపల చిక్కిన గాలి. రాయంటే కరగని ఇసుక. వెంట్రుకంటే కరిగి కూడా కలవకుండా మిగిలిపోయిన సన్నటి తీగ. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ మూడింటికోసం కళ్ళు మండించుకుంటున్నాను. పొద్దున తమ్ముడు సాక్ష్యం చెబుతున్నంతసేపూ వాణ్ణి అలాగే చూశాను. గొంతులో ఎక్కడైనా బుడగ ఉందేమోనని. తన పెద్దమనసును తానే తడుముకుని మురిసే చోటు ఒక్కటైనా దొరుకుతుందేమోనని.

దొరకలేదు. మంచి సరుకు దొరికితే సంతోషించాల్సిన ఉద్యోగం నాది.

"అన్నయ్య కీర్తన ఎత్తుకోబట్టి నిలబడగలిగాను," అన్నాడు తమ్ముడు. "అప్పటికే కాళ్ళు వణుకుతున్నాయి నాకు."

"ఆ బల్ల కుంటిది. దానిమీద చెయ్యి ఆనిస్తే ఎవరైనా వణుకుతారు," అన్నాను.

నవ్వు అక్కడితో ఆగిపోయింది.

"ఏంట్రా ఆ మాట," అంది అమ్మ.

"ఏమన్నాను? బల్ల కుంటిదన్నాను. దాని కోడు కింద చెక్కముక్క పెట్టేది నేను కాబట్టి నాకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా పెడుతున్నాను. ఆ సంగతి ఎవరూ సాక్ష్యంలో చెప్పరు."

తమ్ముడు చెయ్యి కడుక్కోకుండానే కంచం పక్కకు జరిపాడు. "అన్నయ్యా, నామీద కోపముంటే తిట్టు. గోడకి చెప్పకు."

"కోపమెందుకు? అందరూ మెచ్చుకున్న పని మీద కోపం తెచ్చుకుంటే పాపం."

"అందరి సంగతి వద్దు. నీకెలా ఉందో చెప్పు."

చెప్పకూడదనే అనుకున్నాను. కాని వాడు అంత మర్యాదగా అడిగేసరికి ఒళ్ళు మండింది. పెద్దింట్లో నేర్పిన మర్యాద అది. మా వీధిలో ఎవరూ ఎదుటివాడికి ఎలా ఉందో అడగరు.

"ఎలా ఉంటుంది? మేడమీదివాళ్ళు మెట్లు ఎక్కితే జనం చూస్తారు, దిగితే ఇంకా బాగా చూస్తారు. కింది మెట్టు మీద పుట్టి అక్కడే కూర్చున్నవాణ్ణి దాటుకుని పోతారు. ముప్పై ఏళ్ళు అక్కడిదంతా అనుభవించడం అయింది. ఐదు రోజుల్లో ఇక్కడిది కూడా మూటకట్టడం అయింది. మిగతావాళ్ళకి ఏం మిగిలినట్టు?"

"దేవుడి దగ్గర వంతులుంటాయా అన్నయ్యా?"

"వంతులు లేవని చెప్పడం ముందు వంతువాళ్ళకి సులువే."

"కాస్త నెమ్మది," అంది నా భార్య. "గోడ అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. తినడం మానేసి వింటున్నారు."

నలుగురం కాసేపు గోడ అవతలి నిశ్శబ్దాన్ని విన్నాం. అవతలివాళ్ళు మాది విన్నారు.

అప్పుడు తమ్ముడు, తలెత్తకుండా, "నిన్ను చూసి కుళ్ళుకునేవాణ్ణి నేను. తెలుసా నీకు?" అన్నాడు.

నాకు నిజంగానే నవ్వొచ్చింది. "నన్ను చూసా? దేనికి, ఈ కళ్ళకలకకా?"

"నిన్ను ఉంచుకున్నందుకు."

"మిగిలిపోయినదాన్ని ఉంచుకున్నారనరు."

వాడు అమ్మ వైపు చూశాడు. అమ్మ గరిట కడగాలంటూ లేచింది. గరిటలో ఇంకా కూర ఉంది.

వంటింట్లో నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది. ఒక్క గరిటకు అన్ని నీళ్ళు అక్కర్లేదు.

తమ్ముణ్ణి తీసుకెళ్ళిన రోజు నాకు బాగా గుర్తుంది. నాకు తొమ్మిదేళ్ళు. నాన్న కొలిమి దగ్గర పోయి మూడు నెలలు. పెద్దింటి కారు వీధి మొదట్లోకి వచ్చిందని ఎవరో అరిచారు. అమ్మ నన్ను వెనక గదిలోకి నెట్టి బయట గడియ పెట్టింది. తలుపు కింది సందులోంచి తెల్లని చెప్పులు రెండు కనిపించాయి. వాటి పక్కన తమ్ముడి ఉత్త పాదాలు. కాసేపటికి పాదాలు లేవు. చెప్పులూ లేవు. అప్పట్లో నా బుగ్గ మీద వేడి గాజు తగిలి కాలిన గాయం పచ్చిగా ఉండేది. చూపించడానికి పనికిరాననే దాచేశారని అర్థమైంది. పిల్లలకు అర్థమైనంత గట్టిగా పెద్దవాళ్ళకు ఏదీ అర్థం కాదు. గాయం మానిపోయింది. అర్థమైనది అలాగే ఉంది.

ఇప్పుడు మళ్ళీ వీధిలో కారు ఆగింది.

మా వీధిలో కార్లు ఆగవు. నా భార్య కిటికీలోంచి చూసి, "పెద్దింటిదే," అంది. "వెనక సీట్లో ఆవిడే ఉన్నట్టుంది. దగ్గు గుమాస్తా దిగుతున్నాడు."

గుమాస్తా దగ్గనిదే నోరు తెరవడు. మాట ముఖ్యమైనదైతే రెండుసార్లు దగ్గుతాడు. గుమ్మం బయట మూడుసార్లు దగ్గాడు.

తమ్ముడు లేచి, తీగ మీది చొక్కా తీసి, తడిగానే తొడుక్కోబోయాడు. "నేను వెళ్ళి చెప్పేసొస్తాను. ఆవిణ్ణి ఇలా ఎండలో కూర్చోబెట్టడం బాగుండదు."

"మీరు కాదు బాబూ," అన్నాడు గుమాస్తా. "పెద్దవారిని రమ్మన్నారు."

"నన్నా?" అంది అమ్మ, వంటింటి గుమ్మంలోంచి.

"కాదమ్మా. అన్నగారిని."

అన్నగారంటే ఎవరా అని నేను కూడా ఒకసారి వెనక్కి చూశాను. నిన్నటిదాకా నన్ను "ఓయ్, రెండో బల్లా" అని పిలిచిన మనిషి ఇవాళ పక్కకు జరిగి దారి ఇస్తున్నాడు. "దయచేయండి," అన్నాడు.

"ఎవరికో కుట్టించిన చొక్కా ఎవరికో తొడుగుతున్నారు గుమాస్తాగారూ," అంది నా భార్య.

గుమాస్తా దగ్గాడు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. నాకు సంతోషం వేసింది. తమ్ముడు ఒక చెయ్యి తొడుక్కుని, ఒక చెయ్యి బయట పెట్టుకుని, తడి చొక్కాతో గది మధ్య నిలబడి ఉన్నాడు. పిలుపు వాడికి కాదు, నాకు. ఆ దృశ్యాన్ని ఇంకాసేపు చూడాలనిపించింది. ప్రార్థనలో కళ్ళు మూసుకుని ముప్పై ఏళ్ళుగా ఏ సంతోషం కోసం వెతుకుతున్నానో అది ఇంత తేలిగ్గా, ఇంత మురికిగా వస్తుందని తెలియదు.

నా భార్య దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "వెళ్ళండి. ఏమంటుందో విని రండి. కానీ వెళ్ళేముందు అద్దంలో ఒకసారి మొహం చూసుకోండి. ఐదు రోజుల తర్వాత ఇవాళే వెలిగింది."

అద్దం చూసుకోలేదు.

గుమ్మం దగ్గర అమ్మ అడ్డంగా నిలబడింది. "వెళ్ళకురా పెద్దోడా."

"మాట్లాడి వస్తాను."

"మాట్లాడేదేదో ఇక్కడికొచ్చి మాట్లాడమను. కారులోకి ఎక్కకు."

"తమ్ముణ్ణి ఎక్కించేటప్పుడు ఈ మాట అన్నావా?"

అమ్మ చెయ్యి తలుపు చెక్క మీదినుంచి జారిపోయింది. నేను పక్కనుంచి దిగి వెళ్ళిపోయాను. వీధిలో అన్ని గుమ్మాల్లోనూ మనుషులున్నారు.

కారు వెనక తలుపు గుమాస్తా తెరిచాడు. జీవితంలో మొదటిసారి ఆ సీటు మీద కూర్చున్నాను. మెత్తగా, చల్లగా, మనిషి బరువును ప్రశ్నించకుండా తీసుకుంది. ఆవిడ పక్కకు తిరగలేదు. దగ్గరనుంచి చూస్తే చాలా ముసలిదైపోయింది. చేతుల మీది చర్మం నలిగిన కాగితంలా ఉంది.

"వాడు తిన్నాడా?" అంది.

"తిన్నాడమ్మగారూ."

"ఏం తిన్నాడు?"

చెప్పాను.

"వాడికది పడదు. రాత్రికి కడుపులో మంట వస్తుంది." కొంచెం ఆగి, "మీ అమ్మకి తెలియదు," అంది.

ఆ చివరి మాటలో ఏదో కొరికిన చప్పుడు వినిపించింది. నాకు బాగా తెలిసిన చప్పుడే. మా అమ్మ చేతిలో గరిటను చూసి ఈ ఫ్యాక్టరీ అంతటికీ యజమానురాలు కుళ్ళుకుంటోంది. జాలి వెయ్యాల్సింది. దానికి బదులు, ఇక్కడ కూడా మాట వాడి గురించేనా అనిపించింది.

"వాడు నాకు కాకుండా పోయాడు. సరే," అంది ఆవిడ. "అసలు ఆ రోజు నేను వచ్చింది వాడికోసం కాదు."

నేను ఆవిడ వైపు తిరిగాను.

"నీకోసం. సీసాల పెట్టెలు చూడగానే లెక్క చెప్పేస్తాడు, గొంతు కూడా బాగుంటుంది అన్నారు మా ఆయన. మీ అమ్మ కుదరదంది. 'పెద్దోణ్ణి అడక్కండి' అంది. నిన్ను లోపల పెట్టి గడియ వేసేసింది ముందే. చిన్నవాణ్ణి నా ముందుకు తోసింది. 'వీడికి దగ్గు, ఇక్కడుంటే బతకడు, వీణ్ణి తీసుకెళ్ళండి' అంది. వాడు నా పక్కనే నిలబడి అన్నీ విన్నాడు. తలుపు అవతల నువ్వు ఏడుస్తున్నావు."

"నేను ఏడవలేదు," అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. అన్ని మాటల్లో నాకు తప్పనిపించింది అదొక్కటే.

ఆవిడ కిటికీలోంచి మా గుమ్మం వైపు చూస్తోంది. నేనూ చూశాను. గుమ్మంలో అమ్మ లేదు. తమ్ముడున్నాడు. చొక్కా ఇప్పుడు సరిగ్గా తొడుక్కున్నాడు. కారు అద్దం మీద ఎండ పడుతున్నట్టుంది. వాడికి లోపల ఎవరూ కనిపించడం లేదు, ఊరికే కళ్ళు చికిలించి చూస్తున్నాడు. ఆరేళ్ళవాడు విన్నాడు. విన్నది ముప్పై ఏళ్ళు దాచుకున్నాడు. నన్ను దాచుకున్న తలుపుకు వాడు అవతల నిలబడ్డాడు, నేను ఇవతల. ఇద్దరం అవతలివాడిదే మంచి గది అనుకున్నాం.

ఇది తెలిశాక మనసు కరగాలి. కథల్లో అయితే కరుగుతుంది. నాకు ముందు వచ్చిన ఆలోచన వేరు. అయితే ఆ మేడ నాది. ఆ పుస్తకాల గది నాది. వాడి చేతులమీది ఆ మెత్తదనం నాది. అమ్మ నా బదులు వాణ్ణి ఇచ్చేసింది. తర్వాత రెండో ఆలోచన వచ్చింది: నన్ను ఇవ్వలేక ఉంచుకుందా, రెండేళ్ళకల్లా బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి ఉంచుకుందా? అమ్మను అడిగితే గరిట కడుగుతుంది.

"ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నాను," అంది ఆవిడ. "ఈసారి మీ అమ్మని కాదు. నిన్నే. నా కొడుకు అనిపించుకో."

కొడుకుగా ఉండమనలేదు. అనిపించుకోమంది. ఉండటం నాకు తెలుసు. షెడ్డులో ముప్పై ఏళ్ళుగా నమ్మకంగానే ఉన్నాను, చూసేవాళ్ళు లేకపోయినా. అనిపించుకోవడమే తెలియదు. దాని రుచి ఎలా ఉంటుందో పొద్దున తమ్ముడి చుట్టూ చేరినవాళ్ళ మొహాల్లో చూశాను. ఆకలి వేసింది.

"నేనేం చెయ్యాలమ్మగారూ?"

ముందు సీట్లోంచి గుమాస్తా ఒక కాగితం వెనక్కి అందించాడు.

"రేపు పొద్దున గేటు దగ్గర ఇది చదవాలి. చిన్నవాడు చదవనన్నదే." ఆవిడ గొంతులో కోపం లేదు, పని ఉంది. "నువ్వైతే వాడికన్నా మేలు. నువ్వు కీర్తన ఎత్తుకుంటే వాళ్ళంతా అందుకుంటారట కదా. ముప్పై ఏళ్ళ అలవాటు. నువ్వు చదివితే ఇది కూడా అందుకుంటారు. గొడవ లేకుండా సంతకాలు పెడతారు. నేను ఎవరి పొట్టా కొట్టాలనుకోవడం లేదు."

నా గొంతుకు ఒక విలువ ఉందని నాకు మొదట చెప్పిన మనిషి ఆవిడే.

"చదువు ఒకసారి. వింటాను."

చదివాను. షెడ్డు ఖాళీ చెయ్యాలని, కూడటం మానాలని, మానకపోతే పనీ ఇల్లూ పోతాయని. అక్షరాలు చక్కగా ఉన్నాయి. కారులో గొంతు గుండ్రంగా మోగింది. షెడ్డులో అయితే రేకు కప్పు సగం మింగేస్తుంది. ఆవిడ కళ్ళు మూసుకుని వింది. నా గొంతు నాకే నచ్చింది.

"'కింద తెలిపినవారికి ఇది వర్తిస్తుంది,'" అని చదివి, పేర్లలోకి దిగాను.

మొదటి పేరు అమ్మది. అందరికన్నా పెద్దది కదా. తర్వాత కొలిమి ముసలాయన. తర్వాత ప్యాకింగు అక్కాచెల్లెళ్ళు. గ్లవుజులావిడ. పక్కనే నా భార్య. ఒక్కొక్క పేరుకూ ఒక్కొక్క గొంతు వినిపించింది. ఎవరు పల్లవి దగ్గర తొందరపడతారో, ఎవరు చరణంలో శృతి తప్పుతారో, ఎవరు మాటలు రాక పెదవులు మాత్రం ఆడిస్తారో నాకు తెలుసు. ఒకటో బల్ల అతని పేరు చదివాను. మూడో బల్ల అతని పేరు చదివాను. ఆగాను. మళ్ళీ పైనుంచి చూశాను.

ఒకటి తర్వాత మూడు ఉంది.

"నీది తీయించాను," అంది ఆవిడ, కళ్ళు తెరవకుండానే. "నా కొడుకు పేరు అందులో ఎలా ఉంటుంది?"

కింద వరకూ చదివాను. అచ్చు వేసిన పేర్లు అయిపోయాక, చివర, సిరాతో, గుమాస్తా చేతిరాతలో ఇంకొక పేరు కలిపారు. తమ్ముడిది.

కాగితం మీద నలభైమంది ఉన్నారు. బల్లలు మోసింది నేను. కోడు కింద చెక్క పెట్టింది నేను. పోయిన నెల నీళ్ళలో మునిగి లేచినవాడు ఉన్నాడు. నేను లేను.

ఆ క్షణంలో నాలో లేచినది విశ్వాసమని చెప్పుకోవాలని ఉంది. చెప్పలేను. లోపాలు చూడటం కళ్ళకు అంత అలవాటు ఉన్నవాణ్ణి, నా లోపలిది నాకు కనిపించకుండా పోదు. లేచింది కుళ్ళే. ఇక్కడ కూడా వాడేనా, ఇక్కడ కూడా నేను కానా అని. కాని ఈసారి దాన్ని పట్టుకుని చూస్తే, అది మేడ వైపు లాగడం లేదు. ఈ పేర్ల వైపు లాగుతోంది. వీళ్ళ మధ్య నుంచి నన్ను తీసేస్తే నేను ఓర్చుకోలేను. ఇది నావాళ్ళ మీద నాకున్న ప్రేమా, నా చోటు మీద నాకున్న పట్టుదలా అన్నది ప్రభువు తేల్చుకోవాలి. నాకు తేలలేదు.

"బాగా చదివావు," అంది ఆవిడ. "రేపు ఏడింటికి."

"కలం ఇవ్వండి," అన్నాను గుమాస్తాతో.

"సంతకం ఇప్పుడే అక్కర్లేదు," అంది ఆవిడ.

నేను చెయ్యి చాపే ఉంచాను. గుమాస్తా ఆవిడ వైపు చూశాడు, నా వైపు చూశాడు, జేబులోంచి కలం తీసి ఇచ్చాడు.

కాగితం మోకాలి మీద పరుచుకున్నాను. పెద్దవాణ్ణి కదా, తమ్ముడి పేరుకు పైన రాద్దామని చోటు వెతికాను. పైన వరుసలు ఇరుకుగా ఉన్నాయి, కలం ములికికి కూడా సందు లేదు. వాడి పేరు కింద వేలెడు జాగా ఉంది.

అక్కడ రాశాను, నా పేరు.